చదునులో పెట్టిన కారు

నిన్న పెరటి తలుపు గడియ తుప్పు పట్టి కదలకపోతే రెండు చుక్కలు కిరసనాయిలు వేశాను. ఆ వాసన తగలగానే, గడియను లాగబోయిన చెయ్యి దానంతటదే ఆగిపోయింది. "నాననీ అబ్బా, నీకేమన్నా బస్సు పోతాదా?" అనేవాడు మస్తాన్ మామ.

పెనుకొండలో ఆయనది మా పక్కిల్లు. లారీ షెడ్డులో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి మానుకున్నాడు. ఎనభైల మొదట్లో నేనొక పాత డీజిల్ కారు కొని బాడుగకు తిప్పేవాణ్ణి. మా వీధి చాలావరకు కొండవాలు. డీజిల్ బండి ఉన్నవాళ్ళందరం రాత్రిళ్ళు దాన్ని వాలులోనే పెట్టేవాళ్ళం. పొద్దున బ్రేకు వదిలితే దొర్లుతుంది, గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. చలిలో ఇంజనును వేడెక్కించడానికి నాలుగు హీటర్ ప్లగ్గులుంటాయని, నా బండిలో అవి ఎప్పుడో చచ్చిపోయాయని తెలుసుకునే అవసరమే రాలేదు.

ధర్మవరంలో తెలిసొచ్చింది. పట్టుచీరల వ్యాపారి ఒకాయన వారం వారం తెల్లవారకముందే మూటలతో హిందూపురం పోవడానికి నా కారు మాట్లాడుకున్నాడు. ముందురోజే వెళ్ళి ఆయన ఇంటిముందు బండి పెట్టాను. అక్కడ నేలంతా చదును. మార్గశిరం చలికి అది ఉలకలేదు, పలకలేదు. మగ్గాల దగ్గరి నుంచి నలుగురు లేచొచ్చి తోశారు. "వచ్చేవారం గూడా ఇట్లే అయితే వేరే బండి చూసుకుంటానప్పా," అన్నాడు వ్యాపారి. ఆ బాడుగ పోతే కారు అమ్ముకోవాల్సిందే. నాకు తల కొట్టేసినట్టయింది.

బాగుచేయమని మామను అడిగాను. "నేనేల ముట్టుకుంటా? బండి నీది, పానా నువ్వే పట్టు," అని మా ఇంటిముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. హిందూపురం పోయి కొత్త ప్లగ్గులు తెచ్చాను. ఒక్కోదానికి బ్యాటరీ వైరు తగిలించి, దాని ముక్కు ఎర్రబడేదాకా చూడమన్నాడు. ఇంజను కాస్త వేడిగా ఉండగానే పాత ప్లగ్గుల మొదళ్ళలో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోయించాడు. పానాను ఇంత ముందుకు, ఇంత వెనక్కి. మధ్యాహ్నానికి మూడు వచ్చాయి. నాలుగోది బిగుసుకుపోయింది. బలవంతం చేసి విరిగితే ఇంజను పైభాగమంతా విప్పాలి.

"మూడు కొత్తవి చాలవా మామా?"

"మూడు కాళ్ళ మంచం మీద పండుకుంటావా నువ్వు?"

నాకు ఒళ్ళు మండింది. అయినా పానా కింద పెట్టలేదు. నూనె పోయడం, ఆగడం, వెంట్రుకవాసి కదపడం. ఆయన సాయంత్రం నమాజుకు పోయి వచ్చేసరికి ఆ ప్లగ్గు నా అరచేతిలో ఉంది. భేషంటాడనుకున్నాను. "ఆ బొక్కలో మసి తుడువు," అన్నాడు.

అన్నీ బిగించి, చీకటి పడుతుండగా బండిని అలవాటుగా వాలు వైపు తిప్పాను.

"ఆడ యాల పెడతాండావు?"

"ఎందుకైనా మంచిదని మామా..."

"మల్ల పొద్దుగూకులూ చేసిందేంది? చదునులో పెట్టు. మొరాయిస్తే ఈడ్నే మొరాయించనీ, రోగం ఇంటికాడ్నే తెలుస్తాది. ధర్మవరంలో తెలిస్తే ఏం చేస్తావు?"

రోడ్డు పక్కన చదునులో పెట్టాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. తెల్లవారేసరికి మామ శాలువా కప్పుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాడు. హీటర్ స్విచ్చి వేసి, ఆయన చెప్పినట్టు ఇరవై లెక్కపెట్టి, తాళం తిప్పాను. బండి రెండుసార్లు దగ్గి అందుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం పొగ రంగు చూసి, "ఇంగ పో ధర్మవరానికి," అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ బాడుగ నా చెయ్యి జారలేదు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. నిన్న ఆ గడియ కూడా సాయంత్రానికి తనంతట తానే వదులైంది. ఇప్పటి నా కారుకు చలి బాధ లేదు కానీ, బ్యాటరీ నీరసంగా ఉందనిపించిన రాత్రి నా చెయ్యి బండిని వాలు వైపే తిప్పుతుంది. మా ఇంటిముందు స్టూలు మీద ఆయన కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది. వెనక్కి తీసుకొచ్చి చదునులో పెడతాను.