పగటిపూట చెప్పిన కథ

నా చిన్నప్పుడు కథ వినాలంటే చెప్పే మనిషి కావాలె. ఇప్పుడు ఫోన్ చాలు. మా ఊర్ల సిగ్నల్ అందదు. దోర్నపాల్ సంతకు పోయినప్పుడు మొబైల్ దుకాణంల చిన్న కార్డు ఇస్తే, పుస్తకాలకు పుస్తకాలే చదివి వినిపించేటట్టు నింపి ఇస్తరు. అక్కడ హిందీవే ఎక్కువ. తెలుగువి కావాలంటే భద్రాచలంల ఉన్న మా చెల్లె బిడ్డే దిక్కు. ఆమె దించి పెట్టుకొని, వచ్చినప్పుడు నా ఫోన్లకు ఎక్కిస్తది. చదువు రానిదాన్ని, చెవులతోనే చదువుకుంటున్న. కానీ ఏది విన్నా, ఎడ్లబండిల విన్న ఒక కథ మనసుల మెదులుతది.

అప్పుడు ఎండాకాలం. తెల్లారగట్ల మా తాతతోని ఇప్పపువ్వు ఏరబోయిన. రాలిన ఆకులల్ల చెయ్యి పెట్టిన, వేలు చురుక్కుమన్నది. కట్లపాము. తాత ఒక్క కేక పెట్టిండు. నాయిన బండి కట్టిండు, కొంటా ఆస్పత్రి దారి పట్టినం. ఎద్దులు ఎంత ఉరికినా ఆ అడివి దారి తరగదు. నా రెప్పలు బరువెక్కుతున్నయి. తాత నన్ను ఒళ్లో కూచోబెట్టుకొని ముసలమ్మ, ఎలుగుబంటి కథ ఎత్తుకున్నడు.

నాకు వింతైంది. పగటిపూట కథ చెప్తే మేనమామ దారి తప్పుతడంటరు మా దిక్కు. ఆ మాటే అడిగిన.

"తప్పితే తప్పనియ్, వానికి ఎవరో ఒకరు దారి చూపిస్తరు. నువ్వు ఊ అను బిడ్డా!"

ఊ అన్న. నా ఊ ఆగితే తాత గొంతు ఆగేది, చెంప మీద తట్టేటోడు. మళ్లా ఊ. కొంతసేపటికి ఊ దానంతట అదే వస్తున్నది, నేను మాత్రం ఎక్కడికో జారిపోతున్న. అప్పుడు తాత కథ తప్పు చెప్పబట్టిండు. ముసలమ్మ గుడిసెకు పులి వచ్చిందన్నడు. ఆ కథ నాకు మాటమాట తెలుసు. పులి గాదు, ఎలుగు అన్న. ముసలమ్మ దానికి చల్ల పోసిందన్నడు.

"కాదు! కాగే జావ!"

నోరు తిరగకున్నా కోపంతోని అరిచిన. ముందట నాయిన ఎద్దులను అదిలిస్తనే ఏడుస్తున్నడు. తాత అట్ల తప్పు మీద తప్పు చెప్పుకుంటనే నన్ను ఆస్పత్రి గడపదాకా తీసుకపోయిండు.

సూదులు పడ్డయి, బతికిన. లేచి కూచున్నంక, నీకు మతి పోయిందా ముసలోడా, కథంతా ఖరాబ్ చేసినవ్ అని తాత మీదికి లేచిన.

"ఊ నిద్రల గూడ అంటరే పిల్లా. కొట్లాడాలంటే మేలుకోవాలె," అని నవ్విండు. నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు.

మా ఆయన చివరి రోజులల్ల మంచంల పడ్డప్పుడు, పొద్దుపోతదని చెల్లె బిడ్డ ఫోన్ల కథ పెట్టి దిండు పక్కన ఉంచింది. చదివేటామెది మంచి గొంతే. ఆయన కండ్లు మూతలు పడుతున్నా అది ఆగలే, చెప్పుకుంటనే పోతున్నది. నేను దాన్ని బంద్ చేసిన. ఆయన చెయ్యి పట్టుకొని నా నోటితోని చెప్పిన. ఆయన ఊ అన్నంత సేపూ చెప్పిన.