దోసకాయ చేదు చూసే పని

మా చిన్నప్పుడు... రంజాన్ నెల మండుటెండల్లో వచ్చేది. పొద్దు వాలేసరికి పక్కింటి ఖాసింబీ అత్త గోడ మీంచి పిలిచేది. "పాపా, యాడుండావు? రామ్మా, దోసకాయ చేదు చూద్దువు!"

అత్త రోజా ఉండేది. పొద్దు గూకేదాకా గుటక నీళ్లు ముట్టేది కాదు. ఉప్పు చూద్దామని నాలుక కొసన పెట్టినా రోజా చెడిపోతుందేమోనని భయం. అందుకని ఆ నెలంతా వాళ్లింటికి నాలుక నేనే!

కుందూ ఏటి ఇసుకలో కాసిన లేత దోసకాయలు... తొడిమ వైపు కోసి, ఆ ముక్కతోనే రుద్ది నురగ తీసేది. చిన్న ముక్క నా నోట్లో పెట్టి మొహంలోకి చూసేది. నేనేమో కళ్లు మూసుకుని కావాలనే ఊరించేదాన్ని. "చెప్పు మే, చంపుతాండావు!" అని నవ్వేది.

తర్వాత సన్నగా తరిగి, ఉప్పేసి పిండి, పచ్చిమిరపకాయలూ అల్లమూ నూరి, కొత్తిమీర తుంచి గట్టి పెరుగులో కలిపేది. మట్టి చట్టిలోంచి వచ్చే ఆ చల్లని వాసన... ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో తగులుతుంటుంది.

ఒకనాడు అత్త వాళ్లన్న రోజా విడవడానికి వస్తున్నాడని తెలిసింది. వాళ్లమ్మ పోయినప్పుడు అన్నాచెల్లెళ్లు మాటా మాటా అనుకున్నారట. అప్పట్నుంచి ఆయన ఈ గడప తొక్కలేదు. వాళ్లమ్మ చేసే ఈ పెరుగు పచ్చడంటే ఆయనకు ప్రాణమట. అది చేసిపెడితే అన్న మనసు కరుగుతుందని అత్త ఆశ. పొద్దున్నించీ ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

ఆరోజు మా అమ్మ నన్ను చేనికి తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి ఎర్రమల కొండల మీద పొద్దు వాలిపోయింది. అత్త నాకోసం చూసీ చూసీ, ఇంక ఆగలేక పచ్చడి కలిపేసింది. "ఉప్పు చూడు తల్లీ" అని వేలితో ఇంత అరచేతిలో వేసింది. నాకాను గదా... విషం! ఒక్క చేదు కాయ ఇంట్లో ఉన్న చట్టెడు పెరుగునూ చెడగొట్టింది.

నా మొహం చూడగానే అత్తకు అర్థమైంది. అప్పటికే వాళ్లన్న వచ్చి అరుగు మీద కాళ్లు కడుక్కుంటున్నాడు. అత్త తల పట్టుకుని కూలబడింది. "మా యన్న మళ్లా రాడు పాపా..." అంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క పరుగున మా ఇంటికొచ్చాను.

మా జేజి, అంటే మా నాయన వాళ్లమ్మ, గూట్లో దీపం ముందు నిలబడి అప్పుడే అగ్గిపుల్ల గీసింది. దీపం పెట్టాక మా ఇంట్లోంచి పెరుగు గడప దాటేది కాదు. లక్ష్మి పోతుందని జేజి నమ్మకం. ఎవరడిగినా, ఎంత బతిమాలినా అంతే. నేను రొప్పుతూ జరిగింది చెప్పి పెరుగడిగాను.

జేజి ఒక్క క్షణం నన్నూ, దీపాన్నీ చూసింది. చెయ్యి విదిలించి అగ్గిపుల్ల ఆర్పేసింది.

"ఇంగా దీపం పెట్టలేదు గదా. ఉట్టి మీది పెరుగు దుత్త ఎత్తుకపో... బిరీన!"

దుత్త అత్త ముందు పెట్టి, మిగిలిన రెండు కాయలూ కొరికి చూశాను. తియ్యగా ఉన్నాయి. అత్త తరిగి కలుపుతుంటే ఉప్పు నేనే వేశాను. పక్క వీధి మసీదులో రోజా విడిచే బాంగు వినబడింది. ఆయన నీళ్లు తాగి, జొన్నరొట్టె తుంచి పచ్చడిలో అద్దుకున్నాడు. గిన్నె అడుగు దాకా ఊడ్చి తిన్నాడు. తర్వాత గిన్నె అత్త వైపు జరిపి, "ఇంగొంచెం ఎయ్యమ్మా" అన్నాడు. అన్నేళ్లకు చెల్లెలితో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. అత్త గరిటె పట్టుకుని ఏడుస్తూనే వడ్డించింది.

నేను తిరిగొచ్చేసరికి వీధిలో అన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. మా ఇల్లొక్కటే చీకటి. గడపలో జేజి అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది.

"ఇంగా దీపం పెట్టలేదేం జేజీ?"

"పెరుగు చాలకుంటే మళ్లా వస్తావేమో అని... తిన్న్యాడా?"

"రెండోసారి ఏయించుకున్యాడు."

"అయితే సరే" అని లేచి దీపం ముట్టించింది.

ఇప్పుడు అర్ధరాత్రి అడిగినా పెరుగు గుమ్మంలోకి వస్తుంది. దోసకాయలకు చేదూ లేదు, రుచీ లేదు. పక్కింట్లో ఎవరుంటారో, వాళ్లు ఉపవాసమో పస్తో కూడా నాకు తెలీదు... వాళ్లకోసం చీకట్లో కూర్చునేంత దగ్గరితనం ఎప్పుడు పోయిందో గుర్తే లేదు.

మీరు చిన్నప్పుడు ఎవరింటి వంటకు ఉప్పు చూసేవారు? చెప్పండి... వినాలనుంది.