రెండు రంగుల్లో మాయమైన బొట్టు

రెండే రంగుల్లో ఫొటో చేయడం నేర్చుకుంటున్న మా మనవరాలికి నా ముడతలు బాగా పనికొస్తాయట. పొద్దుటి నుంచి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి తల కూడా తిప్పనివ్వలేదు. చివరికి నన్ను నీలం, నారింజ రంగుల్లో ముంచి తీసి బంధువుల గ్రూపులో పెట్టేసింది. అందులో నా నుదుట బొట్టు లేదు. కిరండూల్ నుంచి చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది.

“ఏందే పిల్లా, నేనింకా చాయ్ తాగుతనే ఉన్న గదా!” అన్నారు మా ఆయన మనవరాలితో.

“కుంకుమ, చర్మం ఒకే ముదురుగ ఉన్నయి అమ్మమ్మా, కలిసిపోయినయ్. నల్లది పెట్టుకో, మళ్ల తీస్త,” అంది మనవరాలు.

కుంకుమ మీద కాటుక దిద్దుకుని ఆ కుర్చీలోంచే గ్రూపుకి ఇది రాస్తున్నాను. ఈసారి ఫొటో ఎలా వచ్చినా బాగుందనే అనండి. నేను లేవాలి.