పుస్తకాల్లోకెక్కని కుప్పుస్వామి

పుంగనూరులో లేతు షాపు నడుపుకునే కుప్పుస్వామికి యాభై మూడేళ్లొచ్చేదాకా ఒక్క దురాశ కూడా లేదు. చింతపండులో గింజలు తీసే మెషిన్ కనిపెట్టాక ఒకటి పుట్టింది. దాని మీద తన పేరుండాలి. నలుగురూ నోటితో అనే పేరు కాదు, గవర్నమెంటు సీలేసి ఇచ్చే పేరు.

ఆ మెషిన్ వెనక ఆరేళ్ల చాకిరీ ఉంది. ఆయన భార్య చెంగమ్మ కూలికి చింతపండు కొట్టి కొట్టి వేళ్లు వంకర్లు పోయిన మనిషి. ఆ వేళ్లు చూడలేకే ఆయన పని మొదలుపెట్టాడు. ఇనప రోలర్లకు పండు అంటుకుపోతుంటే పాత లారీ టైరు తొడగమన్నది కూడా ఆమే. ఆ సంగతి ఆయన అందరికీ చెప్పేవాడు, కాకపోతే చివర్లో.

"పేటెంట్ తీసుకో స్వామీ, ఇరవై ఏండ్లు ఎవురూ కాపీ కొట్టలేరు. అంతదాకా ఎవురికీ సూపించొద్దు" అన్నాడు మదనపల్లె ఆడిటర్ రాజగోపాల్. కుప్పుస్వామి బుద్ధిగా తలూపాడు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. చూపించొద్దన్నది మనుషులకు గానీ దేవుడికి కాదు కదా. మూతలు బిగించి పైపైన బొట్టు పెడితే అదేం పూజ? అందుకని కుప్పుస్వామి నట్టు నట్టూ విప్పి అరిటాకుల మీద పరిచాడు. ఒక్కోదానికి కుంకుమ పెడుతూ, అది ఏం పని చేస్తుందో పూజకొచ్చిన నలభై మందికీ విడమరిచి చెప్పాడు. వాళ్లలో ఒకరు తీసిన వీడియోను నెల తిరక్కుండా మూడు లక్షల మంది చూశారు. కుప్పుస్వామి మురిసి ముక్కలయ్యాడు. దరఖాస్తు మాత్రం మంచి రోజు కోసం ఆగి మాఘమాసంలో వేశాడు.

ఏడాదిన్నర తర్వాత చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయిన యంత్రం కొత్తది కాదు, పేటెంట్ ఇవ్వడం కుదరదు. సాక్ష్యంగా ఆ వీడియోనే చూపించారు.

"నాది నేను సూపిస్తే నాకే తప్పా సార్?" అన్నాడు కుప్పుస్వామి, రాజగోపాల్ దగ్గరికెళ్లి.

"ఎవురు సూపించినా అంతే. దరఖాస్తుకని పెట్టిన యాభై వేలు నీ లెక్కల పుస్తకంలో కంటికి కనిపించని ఆస్తి కింద రాసినాము. ఇప్పుడు దాన్నీ కొట్టేయాల."

"మరి నా ఆరేండ్ల బుర్ర?"

"అది నీలో పుట్టిందే కదా స్వామీ, కొన్నది కాదే. దానికి పుస్తకంలో సోటుండదు."

ఆ వీడియో చూసి కుప్పంలో వెంకటస్వామి అనే వ్యాపారి పదిహేను మెషిన్లు చేయించాడు. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. మెషిన్లు బాగానే తిరిగాయి గానీ అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్లంతా "ఇది కుప్పుస్వామి చేసిందేనా?" అని అడిగి వెళ్లిపోతున్నారు. వెంకటస్వామి మర్యాదస్తుడు, అబద్ధమాడలేదు. కారేసుకుని పుంగనూరొచ్చి, పేరు అమ్మమన్నాడు. పది లక్షలు, నెల జీతం మీద ఫిట్టర్ పని. ఇకమీదట కుప్పుస్వామి తన పేరు తాను ఏ మెషిన్ మీదా వేసుకోకూడదు.

"ఆయన కొంటే ఆ పేరు ఆయన పుస్తకంలో పది లక్షల ఆస్తి" అని రాజగోపాల్ ఉత్సాహంగా వివరించాడు.

"నా దగ్గరుంటే?"

"సున్నా."

"యాడో ఒక సోట, మెషిన్ మీద నీ పేరైతే ఉంటాది కదా" అంది చెంగమ్మ. ఆ మాట మీదే ఆయన సంతకం పెట్టాడు.

ఇప్పుడు కుప్పం షెడ్డులో ప్రతి మెషిన్‌కూ ఇత్తడి రేకు మీద పెద్దక్షరాల్లో 'కుప్పుస్వామి' అని ఉంటుంది. ఆ రేకులు బిగించేది కుప్పుస్వామే. మొన్న కలికిరి నుంచి నారాయణమ్మ అనే వ్యాపారస్తురాలు మెషిన్ కొనడానికొచ్చి, వంగి పనిచేస్తున్న ఆయన్నే అడిగింది.

"ఎవురప్పా ఈ కుప్పుస్వామి? ఉండాడా ఇంకా?"

ఆయన నోరు తెరిచేలోగా వెనకనుంచి వెంకటస్వామి అందుకున్నాడు. "అది కంపెనీ పేరమ్మా. మనిషి కాదు."

"అట్లనా. నేను మనిషేమో అనుకుంటి" అంది ఆమె, బేరంలో పడుతూ.

కుప్పుస్వామి నాలుగో స్క్రూ బిగించి, రేకును గుడ్డతో తుడిచి, పక్క మెషిన్ దగ్గరికి జరిగాడు.