ప్రమాణానికి ముందొక ప్రశ్న

నిన్న ఉదయం కాఫీపొడి డబ్బా మూత బిగుసుకుపోయి ఎంతకూ రాలేదు. బలంగా తిప్పగా, సన్నని నిట్టూర్పు వంటి ధ్వనితో గాలి లోపలికి చొరబడింది. ఆ ధ్వనితోపాటే పశువైద్యురాలు సుభద్రమ్మగారు స్మృతికి వచ్చారు. తొంభయ్యవ దశకంలో చిత్తూరులో ఆమె మా పొరుగింట కాపురముండేవారు. ఇంజనులను గురించి ఆమెకు ఏమీ తెలియదు. అయినా నా మోటారు సైకిలు జబ్బును కనిపెట్టినది ఆమెయే.

అప్పట్లో నేను తెలుగు పండితుడిగా పనిచేసే పాఠశాల కొండదాపున ఉండేది. బస్సు దిగిన తరువాత దారి పొడవునా రాళ్లూ, ఇసుకా, వాగులూ. అందువల్ల కలప వ్యాపారి మహబూబ్ బాషా వద్ద, అతని కుమారుడు మట్టిదారి పందేల కోసం మార్పించుకున్న పాత బండిని కొన్నాను. ఎత్తైన మడ్‌గార్డులు, పళ్లికిలించినట్టుండే టైర్లు. పంచెకట్టుతో నేను దానిని అధిరోహిస్తే వీధి యావత్తూ గుమ్మాలలోకి వచ్చేది. కొద్ది రోజులకే అది తన గుణం చూపింది. ఇంటినుండి చక్కగా బయలుదేరి, కొంతదూరం పోయాక దగ్గి, దగ్గి ఆగిపోయేది. మెకానిక్ ప్లగ్గు మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు. అతని అంగడి ముందు మాత్రం అది ఆగిన పాపాన పోలేదు.

లోపాన్ని దాచి అమ్మాడని బాషాపై నాకు అనుమానం స్థిరపడింది. మా సీమలో ఇటువంటి తగవు తెగనప్పుడు కాణిపాకం వెళ్లి వినాయకుని ఎదుట ప్రమాణం చేయమంటారు. ఆదివారం రమ్మని కబురంపాను. బాషా తానే మా వాకిటికి వచ్చాడు.

"వస్తా సామీ. ఆయప్ప ముందర అబద్ధం చెప్పే మొగోడు ఈ జిల్లాలో ల్యాడు, నేనైనా అంతే. మంచి బండే ఇచ్చినా. ఆ మాట ఆడొచ్చి చెప్తా" అని, ఇచ్చిన మజ్జిగ కూడా ముట్టక వెళ్లిపోయాడు.

గోడ ఆవలినుండి సుభద్రమ్మగారు ఇదంతా విన్నారు.

"ఆయన ప్రమాణం చేసి గెలిచినా, బాషాను కాణిపాకానికి పిలిచినారంట అనే మాట బజార్లో మిగిలిపోతుంది అయ్యవారూ. మాట మీద బతికే వ్యాపారం. ఆదివారం ఇంకా రాలేదు గదా, ముందు దాన్ని అడుగుదాం" అన్నారు.

"దేనిని?"

"బండిని. నా దగ్గరికొచ్చే గొడ్లు మాత్రం నోరు తెరిచి చెప్తాయా?"

ఆమె బండిని తాకనైనా తాకలేదు. మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని నన్ను ప్రశ్నించసాగారు. ఎక్కేటప్పుడు ఆగుతుందా, దిగేటప్పుడా? ఎండలోనా, చల్లటి పూటనా? అన్నింటికీ ఒకటే సమాధానం: వేళతో, ఎత్తుపల్లాలతో పనిలేదు, కొంత దూరం నడవడమే దానికి కావలసింది.

"అది నిలిచిపోతానే మీరేం చేస్తారు?"

ఈ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడుగలేదు. "పెట్రోలుందో లేదోనని ట్యాంకు మూత తీసి చూస్తాను. ఉంటుంది. మళ్లీ మూసి తన్నితే బయలుదేరుతుంది."

ఆమె కన్నులు మెరిశాయి. "ఈసారి మూత తీయొద్దు" అన్నారు.

మరునాడు పూతలపట్టు దారిలో బయలుదేరాము. ఆమె తన స్కూటరు మీద వెనుకనే వచ్చారు. బండి యథాప్రకారం ఆగింది. మూత తీయకుండా కాలు నొప్పిపుట్టేదాకా తన్నాను; ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడామె మూత తీయమన్నారు. ఉస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. మూసి ఒక్క తన్ను తన్నగానే ఇంజను గర్జించింది.

"పెట్రోలు దిగేకొద్దీ పైనుంచి గాలి లోపలికి పోవాల గదా, లేకుంటే అది దిగదు. దానికి దోవ యాడుండాది?" అంటూ ఆమె జడలోని పిన్ను తీసి, మూత నడుమనున్న సన్నని రంధ్రాన్ని గీకారు. పచ్చగా ఎండిన గంధం పెచ్చులుగా రాలింది.

బండిని ఇంటికి తెచ్చిన నాడు పూజ చేసి, లలాటం అదేనన్న భావనతో ట్యాంకు మూత నడుమ గంధం, కుంకుమ పెట్టినవాడిని నేనే. ప్రతి శుక్రవారం దానిపై మరొక పూత పడుతూనే ఉంది.

అక్కడినుండి తిన్నగా కలప అంగడికి వెళ్లాము. సంగతి విని బాషా, "బండికి బొట్టు పెట్టి నా నోట్లో మన్ను కొట్టబోయినావే సామీ" అని నవ్వి, మజ్జిగకు మనిషిని పంపాడు. నవ్వుతూనే పై గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. ఆదివారం తలపును ఎంత బరువుగా మోసుకు తిరిగాడో నాకు అప్పుడు తెలిసింది.

సుభద్రమ్మగారు తరువాత బదిలీపై మదనపల్లె వైపు వెళ్లిపోయారు. నా ఉద్యోగ విరమణ తరువాత తగవులతో నావద్దకు వచ్చేవారున్నారు. ఎదుటివాడు చేసినదంతా చెప్పి, ప్రమాణం చేయించమంటారు. అంతా విని, "అప్పుడు మీరేమి చేశారు?" అని అడుగుతాను. కోపంతో లేచిపోయేవారే ఎక్కువ. కూర్చుండిపోయిన కొద్దిమంది మాత్రం, కొంతసేపటికి స్వరం తగ్గించి, కథను మళ్లీ మొదటినుండి చెప్పడం ప్రారంభిస్తారు.