బాపు ఆపమన్న చోటు

విమానాశ్రయం గోడ పక్కగా పోతుంటే ఇప్పటికీ నా కాలు బ్రేకు మీదికి పోతుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరిందని బాపుకు ఆపరేషన్ చేసి, ఆపైన కరెంటు కూడా పెట్టారు. రేడియేషన్‌ను మా దగ్గర అలాగే అంటారు. కరెంటుకు ముందు కడుపునిండా నీళ్లు తాగించేవారు. తిరుగుదారిలో ఆరాంఘర్ దాటగానే ఆయనకు మూత్రం ఆగేది కాదు. అయినా దారిలో ఎక్కడా దిగేవాడు కాదు.

"ఎరువును పరాయోని చేన్ల పోస్తరా బిడ్డా?" అనేవాడు.

మా చేను ఏనాడో విమానాశ్రయం కింద పోయింది. నాకు ఒళ్లు మండేది. అయినా శంషాబాద్ దాకా బండి ఉరికించి, ఆ గోడ పక్కనే ఆపేవాణ్ణి.

ఒకరోజు సెక్యూరిటీ ఆయన వచ్చి గదమాయించాడు. "ఏంది తాతా, గిదేమన్న నీ జాగనా?"

బాపు తల కూడా తిప్పలేదు.

"అవు కొడుకా. జర జరుగు, జొన్నలు తొక్కుతున్నవ్."