అమ్మ చేతికి తోడుకోని పెరుగు

మా చిన్నప్పుడు... పొద్దున లేస్తూనే, ముఖమైనా కడుక్కోకుండా నేను చేసే మొదటి పని పెరుగు చట్టి మీద మూత తీసి చూడడం. ఆ చలికాలంలో మాత్రం మూత మీద చెయ్యి వేయాలంటేనే భయమేసేది. పైన నీళ్ళు, అడుగున జిగట... అది పాలూ కాదు, పెరుగూ కాదు.

అప్పుడు పందొమ్మిది వందల నలభైల రోజులు. ఏర్పేడు దగ్గరి పల్లె నుంచి తిరుపతికి కొత్తగా వచ్చాం. నాయన జట్కా తోలేవాడు... రైలు దిగిన యాత్రికులను అలిపిరి దాకా చేర్చడం ఆయన పని. ఊరి నుంచి గుర్రాన్ని, పాలిచ్చే ఎనుమును, మా జేజిని తోలుకొచ్చానని నవ్వేవాడు. జేజి అంటే ఆయన కన్నతల్లి... ఆమె వినకుండానే అనేవాడు లెండి!

జేజికి శనివారం ఒక్కపొద్దు. రోజంతటికీ ఒకే పూట, అదీ పెరుగన్నం. బయటి ఇళ్ళ పెరుగు ఆ రోజు ముట్టదు. అట్లాంటి శనివారం చట్టిలో నీళ్ళు కనిపిస్తే ఆమెకు ఎట్లా ఉంటుందో చెప్పండి... రెండు శనివారాలు మజ్జిగనీళ్ళలాంటి దాంతోనే ముద్ద మింగి లేచింది.

మూడోసారి కూడా అట్లే అయ్యేసరికి విస్తరి ముందు నుంచి లేస్తూ అమ్మతో అనేసింది.

"నీ చేతికి పెరుగు తోడుకోదు మునెమ్మా. వచ్చే శనివారం గూడా ఇట్లనే ఉంటే నేను చిన్నోడింటికి పోతా. ఆడ ఒక ముద్ద తిని పడుంటా."

చిన్నోడంటే పల్లెలోనే ఉండిపోయిన మా చిన్నాయన. నాయన గుర్రానికి గడ్డి వేయాలని బయటికి పోయాడు. ఇంట్లో అత్తాకోడళ్ళ మాట వస్తే ఆ గుర్రానికి తిండి బాగా దొరికేది.

జేజి పోతే పల్లెలో ఏమంటారో అమ్మకు తెలుసు... పెరుగు ముద్ద పెట్టలేక అత్తను తరిమేసిందంటారు. అంతకంటే ఆ 'చెయ్యి' మాట ఆమెను కాల్చింది. ఊళ్ళో అదే చేత్తో తోడు వేస్తే గడ్డ పెరుగు కాలేదా? మా అమ్మ ఏడ్చే మనిషి కాదు. కొంగు బిగించి, ఇదేమిటో తేల్చాలనుకుంది.

మొదట చట్టి మార్చింది. తర్వాత తోడు ఎక్కువ వేసింది... పులిసి పళ్ళు జివ్వుమన్నాయి గానీ గడ్డ కట్టలేదు. ఎవరో చెప్పారని ఎండుమిరపకాయ తొడిమలు వేసింది. ఊహూఁ...

ఒక సాయంత్రం దీపం వెలిగించి వచ్చి, తోడు వేసే ముందు పాలలో వేలు పెట్టింది. అట్లే ఆగిపోయింది. పాలు బావి నీళ్ళలాగా చల్లగా ఉన్నాయి.

ఊళ్ళో మాకు పెరట్లో దాలి గుంట ఉండేది. గుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెడితే సాయంత్రం దాకా సన్నని సెగ మీద పాలు ఎర్రగా కాగేవి. దీపం పెట్టే వేళకు తోడుకు సరిపోయే వెచ్చదనం దానంతటదే ఉండేది. ఇక్కడ కట్టెల పొయ్యి... మధ్యాహ్నం వంట కాగానే ఆరిపోయేది.

మరి పాలు ఇంకోసారి వెచ్చ చేయొచ్చు కదా అంటారేమో. దించిన పాలు మళ్ళీ పొయ్యెక్కితే పాడి ఎండిపోతుందని జేజి. పోనీ ముందే తోడు వేద్దామంటే, దీపం పెట్టకముందు పాలలో తోడు పడితే లక్ష్మి నిలవదని కూడా జేజే. పెరట్లో గుంట తవ్వుతామంటే, మేం అద్దెకున్న ఇంటామె ఒప్పుకోలేదు.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. మూలన పడున్న పగిలిన నీళ్ళ కాగును బయటికి లాగింది. దాన్నిండా బూడిద, నడుమ రాజేసిన పిడకలు... వాటి మీద పాలకుండ. మా ఎనుము పిడకలే, మోసింది నేనే. పొగకు కళ్ళు మండుతున్నా శుక్రవారం అంతా దాని పక్కనే కూర్చున్నాం. జేజి అరుగు మీది నుంచి చూస్తూనే ఉంది.

చీకటి పడుతూనే అమ్మ దీపం పెట్టింది. పాలు చట్టిలోకి వంచి, వేలు పెట్టి చూసి, చిన్నగా నవ్వి, తోడు వేసింది. గుర్రం కోసం తెచ్చిన ఎండుగడ్డి గంపలో చట్టిని దాచి, పైన గోనెపట్ట కప్పింది. తెల్లారేదాకా దాని దగ్గరికి ఎవరూ పోకూడదని మా అందరికీ చెప్పింది, నాయనతో సహా.

శనివారం పొద్దున అమ్మ మూత తీస్తుంటే నేను గంప మీదికి వంగాను. అమ్మ చట్టిని ఓరగా వంచింది. పెరుగు కదల్లేదు... ఇంకొంచెం వంచింది. కదల్లేదు. పైన ఎర్రని మీగడ!

మధ్యాహ్నం జేజి తినింది. మారు పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని లేచిపోతుందనుకుంటే, అమ్మ కుడిచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఉత్త పుణ్యానికి ఈ చేతిని ఆడిపోసుకుంటి గదమే."

"చేతిలో ఏముండాది అత్తా. పాలు ఆరిపోయినాయి, అంతే" అంది అమ్మ.

అన్నదే గానీ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నాళ్ళ పట్టుదలలో ఒక్కసారీ ఏడవని మనిషి. నేను పోయి ఆమె నడుము చుట్టేసుకున్నాను, నాకూ ఏడుపొచ్చింది. జేజి మరి పోలేదు. చివరిదాకా అమ్మ చేతి ముద్దే తినింది.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో నొక్కితే పెరుగు డబ్బా గుమ్మం ముందుకొస్తుంది. రోజూ గడ్డగానే ఉంటుంది, వంక పెట్టడానికేమీ లేదు... కానీ తోడుకోకపోతే అలిగేవాళ్ళు లేరు, తోడుకుంటే ఆ చెయ్యి పట్టుకునేవాళ్ళూ లేరు.

మీ ఇంట్లో పెరుగు ఎవరి చేతి మీద తోడుకునేది? ఆ చేతిని ఎవరైనా ఎప్పుడైనా పట్టుకున్నారా... చెప్పండి, చదువుతాను.